ఎదురుగా ఆడుతున్నది మనిషేనా?

చదరంగం: సందేహాలు – సమాధానాలు

ఆన్‌లైన్ చెస్‌లో దొంగాట గురించి కొన్నాళ్లుగా వస్తున్న ఉత్తరాలన్నీ పక్కన పెడుతూ వచ్చాం. ఈ సంచికలో వాటికే జవాబులు. ఓపెనింగుల మీద అడిగినవాళ్లు వచ్చేసారి దాకా ఓపిక పట్టాలి.

*

రిటైరయ్యాక రోజూ రాత్రి భోజనం చేసి పది నిమిషాల గేములు రెండు మూడు ఆడుతుంటాను. నా రేటింగ్ 1480. మొన్న 1250 ఉన్న ఎవరో కుర్రాడు నన్ను చిత్తుగా ఓడించాడు. అయ్యాక చూస్తే అతని ఎక్యురసీ 96 శాతం, నాది 71. కంప్యూటర్ చూసి ఆడినట్టే కదా? గేమ్ మొత్తం, ఏ ఎత్తుకు ఎన్ని సెకన్లు పట్టాయో సహా రాసి పంపుతున్నాను.
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

ముందు ఆ 96ని పక్కన పెట్టండి. ఎక్యురసీ అనేది అబద్ధం కాదు కానీ, చాలామంది అనుకునే అర్థం దానికి లేదు. మీరు వేసిన ప్రతి ఎత్తునూ ఇంజిన్, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్, తన మొదటి ఎత్తుతో పోల్చి చూస్తుంది. మీ ఎత్తు వల్ల ఎంత నష్టపోయారో లెక్క కడుతుంది. బంటు విలువను నూరు భాగాలు చేసి ఆ భాగాల్లో నష్టాన్ని కొలుస్తారు, దాన్నే సెంటీపాన్ అంటారు. ఈ నష్టాలన్నిటినీ కలిపి ఒక శాతంగా చూపిస్తే అదే ఎక్యురసీ. ఎవరు బాగా ఆడారన్నదానితోపాటు గేమ్ ఎంత సులువుగా నడిచిందన్నది కూడా అందులో కలిసిపోయి ఉంటుంది.

చెస్ నేర్చుకుని వారం కూడా కాని పిల్లాడు రాజు ముందు బంటును రెండు గళ్లు తోసి, క్వీన్‌ను హెచ్5కి, బిషప్‌ను సీ4కి తెచ్చాడనుకోండి. ఎదుటివాడు క్వీన్‌ను తరుముదామని గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చాడు. ఎఫ్7 మీద క్వీన్ పడింది, మేట్. ఆ పిల్లాడి ఎక్యురసీ చూస్తే గ్రాండ్‌మాస్టరేమో అనిపిస్తుంది. నిజానికి వాడు చేసిందల్లా ఎదుటివాడి తప్పును చూడడమే. ఎదుటివాళ్లు తొందరగా మునిగిపోతే మన అంకె పైకి లేస్తుంది. మీ గేమ్‌లోనూ పన్నెండో ఎత్తుకే మీ గుర్రం ఊరికే పోయింది. అక్కడినుంచి ఎవరు ఆడినా మంచి ఎత్తులు కళ్లెదుటే ఉంటాయి.

మీరు పంపిన కాగితంలో నన్ను ఆపింది ఎక్యురసీ కాదు, సెకన్ల వరస. ఎనిమిదో ఎత్తు నుంచి చూస్తే 7, 6, 8, 7, 7, 6, 7. పద్నాలుగో ఎత్తులో మీరు అతని బిషప్‌ను కొట్టారు. తిరిగి కొట్టడం తప్ప దారి లేదు. మనుషులైతే అక్కడ ఒక సెకను, మహా అయితే రెండు. అతనికి ఏడు పట్టాయి. ఇరవై రెండో ఎత్తు దగ్గర ఇద్దరి రాజులూ మంటల్లో ఉన్నారు. అతను దాడి కొనసాగించకుండా, మీ దాడిని ఆపకుండా, రాజును మెల్లగా ఒక గడి పక్కకు జరిపాడు. నాలుగు ఎత్తుల తర్వాత గానీ ఆ జరపడం ఎందుకో తెలియలేదు. 1250 వాడు కాదు, 2200 వాడైనా అక్కడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రెండు నిమిషాలు కూర్చుంటాడు. ఇతనికి అక్కడా ఏడు సెకన్లే. సులువైనదానికీ కష్టమైనదానికీ ఒకే సమయం తీసుకునే మనిషి అరుదు. ఎత్తును ఇంకో తెరలోకి ఎక్కించి, జవాబు చూసుకుని, మళ్లీ ఇక్కడ వేసేవాడికి మాత్రం ఏ ఎత్తుకైనా దాదాపు అంతే సమయం పడుతుంది.

అయినా ఇది అనుమానమే, రుజువు కాదు. నెట్ సరిగా లేని పల్లెటూళ్లో కూర్చుని ఆడేవాడికి తేలికైన ఎత్తుకు కూడా ఇలా ఆలస్యం కావచ్చు. పాత ఖాతా పోగొట్టుకుని కొత్తగా మొదలుపెట్టిన గట్టి ఆటగాడు కూడా కావచ్చు, కొత్త ఖాతా రేటింగ్ అసలు స్థాయికి ఎక్కడానికి కొన్ని గేములు పడుతుంది. కాబట్టి రిపోర్ట్ కొట్టండి, అతన్ని బ్లాక్ చెయ్యండి, పడుకోండి. చాట్‌లో మాత్రం ఏమీ అనకండి.

*

ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మన ఫోన్‌లో ఏం నడుస్తోందో వెబ్‌సైటుకు ఎలా తెలుస్తుంది? గేమ్ మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడినా ఖాతా మూసేస్తారా? అసలు లెక్క ఎలా వేస్తారో వివరంగా చెప్పండి.
– విద్యార్థి, తిరుపతి

అమ్మ ఫోన్ ఎత్తు బాబూ. ఆ ఒక్కదానికి ఎవరూ ఖాతా మూయరు.

మామూలు గేముల్లో సైటుకు నీ ఫోన్‌లోని మిగతా యాప్‌లు కనిపించవు. తన కిటికీ ముందు నుంచి నువ్వు పక్కకు వెళ్లావని, మళ్లీ వచ్చావని మాత్రం తెలుస్తుంది. ఎక్కడికి వెళ్లావో తెలియదు. లిచెస్ అనే చెస్ సైటు ప్రోగ్రామంతా బహిరంగంగానే ఉంటుంది కాబట్టి ఎవరైనా చూసుకోవచ్చు, అందులో ఇది నమోదు కావడం కనిపిస్తుంది. ఒకసారి వెళ్లొస్తే ఏమీ కాదు. ప్రతి కష్టమైన ఎత్తుకు ముందూ వెళ్లి, తిరిగి రాగానే ఇంజిన్ మెచ్చే ఎత్తు వేస్తుంటే అది వేరే సంగతి. డబ్బు బహుమతులున్న పెద్ద టోర్నీల్లో మాత్రం తెర, కెమెరా, నడుస్తున్న ప్రోగ్రాములు చూపించే సాఫ్ట్‌వేర్‌ను ఆటగాడే ఒప్పుకుని ఎక్కించుకోవాలి.

ఇక లెక్క సంగతి. దీన్ని పద్ధతిగా మొదలుపెట్టినవారిలో ముఖ్యుడు కెనెత్ రీగన్. అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ఆచార్యుడు, స్వయంగా ఇంటర్నేషనల్ మాస్టర్. ఆయన అడిగే ప్రశ్న 'ఈ ఎత్తు ఇంజిన్ ఎత్తుతో కలిసిందా' అని కాదు. 'ఈ రేటింగ్ ఉన్న మనిషి, ఈ స్థానంలో, ఈ ఎత్తు వేసే అవకాశం ఎంత' అని. ఓపెనింగులో పుస్తకం ఎత్తులు అందరూ వేస్తారు కాబట్టి మొదటి ఎనిమిది ఎత్తులు వదిలేస్తాడు. ఒకవైపు గెలుపు తేలిపోయిన స్థానాలనూ తీసేస్తాడు, అక్కడ ఎవరు ఎలా ఆడినా దానికి అర్థం లేదు. మిగిలిన ప్రతి స్థానానికీ ఒక అంచనా కట్టి, మొత్తం మీద ఆటగాడు ఆ అంచనాను ఎంత దాటాడో చూస్తాడు.

అంకెలతో చూద్దాం, లెక్క సులువు కోసం ఊహించినవి. లెక్కకు వచ్చే 250 స్థానాలున్నాయి. నీ రేటింగ్‌ను బట్టి 130 చోట్ల ఇంజిన్‌తో కలవాలి. పైకీ కిందికీ సహజంగా ఉండే ఊగు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, సుమారు ఎనిమిది. నువ్వు 150 చోట్ల కలిశావు. అంటే అంచనాకు రెండున్నర రెట్ల ఊగు దూరంలో ఉన్నావు. నిజాయితీగా ఆడేవాళ్లలో సుమారు 160 మందికి ఒకరికి ఇలా జరుగుతుంది. మూడొందల మంది ఆడే టోర్నీలో ఒకరిద్దరు ఇలా కనిపించడం మామూలే. వాళ్లు పాపం ఆ రోజు బాగా ఆడారంతే! అదే 170 చోట్ల కలిస్తే అయిదు రెట్ల దూరం. కేవలం అదృష్టంతో అది జరగడానికి అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒకటి. అప్పుడు అడగాల్సిన అవసరం వస్తుంది.

గీత ఇంత దూరంలో గీయడం కొందరికి నచ్చదు. 'మూడు రెట్లు చాలదా, అదీ 740లో ఒకటే కదా' అంటారు. లక్ష మందిని పరీక్షించే సైటులో ఆ గీత పెడితే ఏ తప్పూ చేయని 135 మంది దొంగల జాబితాలో పడతారు. నా మటుకు నాకు దొంగ ఇంకో నెల ఆడుకుపోయినా ఫర్వాలేదు గానీ, ఆ 135 మందిలో పదేళ్ల పిల్ల ఒకతె ఉండడం ఒప్పుకోలేను.

సైట్లు ఎత్తుల లెక్కతో ఆగవు. ఒక్కో ఎత్తుకు పట్టిన సమయం, కిటికీ వదిలి వెళ్లడం, పాత గేముల తీరు, అన్నీ కలిపి చూస్తాయి. లిచెస్‌లో ఇందుకోసం ఇర్విన్ అనే నాడీజాల ప్రోగ్రామ్ ఉంది. అది అనుమానితులను ఏరి, నిర్ణయించే మనుషులకు సాయపడుతుంది. చెస్‌డాట్‌కామ్ తన పద్ధతులన్నీ బయట పెట్టదు. తాళం ఎలా చేశారో దొంగకు చెప్పకూడదన్నది వాళ్ల వాదన. అందులో న్యాయం ఉంది. కానీ ఖాతా పోగొట్టుకున్న అమాయకుడికి తన మీద ఏ ఆధారం ఉందో తెలియకపోవడం కూడా అక్కడినుంచే వస్తుంది.

*

మరి గేమంతా సొంతంగా ఆడి, ఒక్క కీలకమైన ఎత్తుకు మాత్రం ఇంజిన్ చూసేవాడిని ఎలా పట్టుకుంటారు? నీమన్ విషయంలో చివరికి ఏం తేలింది?
– చెస్ అభిమాని, గుంటూరు

ఒక్క గేమ్‌లో పట్టుకోలేరు. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు, లెక్కలకున్న హద్దు అది. గట్టి ఆటగాడికి ఎత్తు చెప్పనక్కర్లేదు కూడా. 'ఇక్కడ ఏదో ఉంది, ఆగి చూడు' అన్న సైగ చాలు. మాగ్నస్ కార్ల్‌సనే ఒకసారి ఇలాంటి మాటే అన్నాడు, తనలాంటివాడికి మొత్తం మీద ఒకటి రెండుసార్లు చిన్న సహాయం దొరికితే చాలని. దొంగకున్న ఒకే బలహీనత ఆశ. ఒకసారి పని చేశాక రెండోసారి, మూడోసారి చూస్తాడు. వంద గేములయ్యేసరికి లెక్కల్లో తేలుతాడు.

నీమన్ సంగతి చాలామందికి సగమే గుర్తుంది. 2022 సెప్టెంబరు 4న సెయింట్ లూయిస్‌లో సింక్‌ఫీల్డ్ కప్. అప్పటికి వరుసగా 53 క్లాసికల్ గేముల్లో ఓటమి లేని కార్ల్‌సన్‌ను పందొమ్మిదేళ్ల హాన్స్ నీమన్ నల్లపావులతో ఓడించాడు. మర్నాడు కార్ల్‌సన్ టోర్నీ నుంచి తప్పుకున్నాడు. కొద్దిరోజుల తర్వాత ఆన్‌లైన్‌లో ఇద్దరూ మళ్లీ తలపడితే ఒక ఎత్తు వేసి రిజైన్ చేసి లేచిపోయాడు. పన్నెండేళ్లప్పుడు, పదహారేళ్లప్పుడు ఆన్‌లైన్‌లో మోసం చేశానని నీమన్ ఒప్పుకున్నాడు. బోర్డు మీద ఎన్నడూ చేయలేదన్నాడు. అక్టోబరులో చెస్‌డాట్‌కామ్ 72 పేజీల నివేదిక ఇచ్చింది. ఆన్‌లైన్‌లో వందకు పైగా గేముల్లో మోసం చేసి ఉండవచ్చని అందులో రాసింది. ఎదురెదురుగా కూర్చుని ఆడిన గేముల్లో మోసానికి తిరుగులేని ఆధారం లేదని కూడా అదే నివేదిక చెప్పింది. ఆ రెండో వాక్యం ఎవరికీ గుర్తుండదు! రీగన్ కూడా నీమన్ బోర్డు గేములు పరీక్షించి మోసం ఛాయలు లేవన్నాడు. నీమన్ పది కోట్ల డాలర్లకు దావా వేశాడు. 2023 జూన్‌లో న్యాయస్థానం కొట్టేసింది, ఆగస్టులో అందరూ రాజీ పడ్డారు. టోర్నీ మధ్యలో సరైన కారణం లేకుండా వెళ్లిపోయినందుకు అంతర్జాతీయ సమాఖ్య ఫిడే ఆ ఏడాది చివర్లో కార్ల్‌సన్‌కు పదివేల యూరోల జరిమానా వేసింది.

అంటే ఆన్‌లైన్ మోసం నిజం, ఎంత అన్నదాని మీద గొడవ. సింక్‌ఫీల్డ్ గేమ్‌లో మోసం జరిగిందనడానికి నేటికీ ఏ రుజువూ లేదు. 'ఒకసారి చేసినవాడు మళ్లీ చేయడా' అని మీరు అడగవచ్చు. చేయవచ్చు. అందుకే అలాంటివారిని మరింత జాగ్రత్తగా తనిఖీ చేయాలి, అంతవరకే.

*

సార్, మా బాబుకు పదకొండేళ్లు. వాడి ఖాతాను 'ఫెయిర్ ప్లే' ఉల్లంఘన అని మూసేశారు. రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. వాళ్ల నాన్నగారు కోప్పడుతున్నారు. అకాడమీలో తెలిస్తే పరువు పోతుందని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

అమ్మా, ముందు వాళ్ల నాన్నగారిని రెండు రోజులు ఆ విషయం ఎత్తవద్దని చెప్పండి. తర్వాత మీరొక్కరే కూర్చుని అడగండి. 'చేశావా' అని కాదు, 'ఆడేటప్పుడు పక్కన ఎవరుండేవారు, ఏం తెరిచి ఉండేది' అని. పిల్లల విషయంలో నేను చూసినంతలో మూడు రకాలు జరుగుతాయి. ఒకటి, నిజంగానే ఇంజిన్ చూడడం. ఓడిపోతే ఇంట్లో తిట్లు పడే పిల్లల్లో ఇది ఎక్కువ. రెండు, అన్నయ్యో స్నేహితుడో వెనక నిలబడి 'గుర్రం వెయ్యిరా' అనడం. ఇది మోసమని ఇంట్లో ఎవరికీ తోచదు. ఆట జరుగుతుండగా బయటినుంచి ఏ సలహా వచ్చినా నియమాల ప్రకారం తప్పే, చెప్పింది కంప్యూటరైనా బాబాయైనా ఒకటే. మూడు, ఒకే ఖాతాను ఇంట్లో ఇద్దరు వాడడం. పిల్లాడు 900 స్థాయిలో ఆడుతుంటే సాయంత్రం 1900 ఉన్న మేనమామ అదే ఖాతాతో నాలుగు గేములు ఆడిపోతాడు. సైటుకు కనిపించేది మాత్రం ఒకే ఆటగాడు.

వాడు చేయలేదని మీకు గట్టిగా అనిపిస్తే అప్పీలు పెట్టండి. పెద్ద సైట్లలో ఆ వీలుంది. కోచ్ చేత రాయించకండి. మీరే సూటిగా నాలుగు వాక్యాలు రాయండి: వయసు, ఏ పరికరం మీద ఆడతాడు, ఇంట్లో ఇంకెవరు ఆడతారు, ఎక్కడ తప్పు జరిగి ఉండవచ్చు. చేశాడని తేలితే అదే రాయండి. ఒప్పుకున్నవాళ్లకు చెస్‌డాట్‌కామ్ కొత్త ఖాతాతో రెండో అవకాశం ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. బుకాయించినవాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది.

పరువు గురించి. 2021 జూన్‌లో కోవిడ్ సహాయం కోసం విశ్వనాథన్ ఆనంద్ ప్రముఖులతో ఆన్‌లైన్‌లో ఆడినప్పుడు, జెరోధా వ్యవస్థాపకుల్లో ఒకరైన నిఖిల్ కామత్ ఆయన్ను ఓడించాడు. కంప్యూటర్ సహాయం తీసుకున్నానని మర్నాడే ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. దేశమంతా నవ్వింది, వారం తిరక్కుండా మర్చిపోయింది. పెద్ద కోటీశ్వరుడికి తప్పనిపించని పని పదకొండేళ్ల పిల్లాడికి తప్పని ఎవరు చెప్పి ఉంటారు? కోచ్‌కు మీరే ముందు చెప్పండి. మంచి కోచ్ అయితే వాడిని కొన్నాళ్లు బోర్డు మీదే ఆడిస్తారు. చెస్‌ను తెర మీదే నేర్చుకున్న పిల్లలకు అది ఎలాగూ అవసరం.

*

నకమురా 46 గేముల్లో 45.5 పాయింట్లు సాధించడం అసాధ్యమని మాజీ ప్రపంచ చాంపియనే అన్నాడు కదా. ఆయనకు తెలియదంటారా?
– లెక్కల మాస్టారు, నల్గొండ

మాస్టారూ, లెక్క మీ చేతిలోదే, వేసి చూడండి. 2023 నవంబరులో మీరన్న మాజీ చాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ వేలు చూపింది ఈ వరస మీదకే. అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమురా ఆడింది ఎక్కువగా తనకన్నా తక్కువ రేటింగ్ వాళ్లతో. ఒక్కో గేమ్‌లో గెలుపు అవకాశం 95 శాతం అనుకోండి. వరుసగా 45 గెలిచే సంభావ్యత 0.95ను 45 సార్లు గుణిస్తే వస్తుంది, సుమారు పదింట ఒకటి. 90 శాతమే అనుకున్నా 115లో ఒకటి. ఆన్‌లైన్‌లో వేలకు వేలు గేములు ఆడిన మనిషి కెరీర్‌లో అలాంటి వరస ఒకటి కూడా లేకపోతేనే ఆశ్చర్యపడాలి. వేల గేముల్లోంచి మెరిసే 46ను ఏరుకుని, 'ఈ 46 ఎలా సాధ్యం' అని అడగడంలోనే పొరపాటుంది. చెస్‌డాట్‌కామ్ పరిశీలించి అనుమానించాల్సింది ఏమీ లేదని తేల్చింది.

క్రామ్నిక్‌కు చెస్ తెలియదని అనే ధైర్యం ఎవరికుంది? 2000లో కాస్పరోవ్‌ను దించినవాడు. అయితే ఎత్తులు చదవడం వేరు, సంభావ్యత చదవడం వేరు. ఆయన ఆరోపణలు నకమురాతో ఆగలేదు. అమెరికా గ్రాండ్‌మాస్టర్ డానియల్ నరోదిత్స్కీని నెలల తరబడి బహిరంగంగా అనుమానించాడు. అతను కాదని చెబుతూనే ఉన్నాడు, ఏదీ రుజువు కాలేదు. ఆ అనుమానాల బరువు గురించి నరోదిత్స్కీ బాధగా మాట్లాడాడు. 2025 అక్టోబరులో, 29 ఏళ్లకే అతను కన్నుమూశాడు. చావుకూ ఆరోపణకూ ముడి పెట్టే హక్కు మనకు లేదు. కానీ క్రామ్నిక్ బహిరంగ వ్యాఖ్యలను నైతిక, క్రమశిక్షణ సంఘానికి పంపుతున్నట్టు ఫిడే అప్పుడు ప్రకటించింది. ఆధారం లేకుండా ఆరోపించడం కూడా శిక్షించదగ్గ తప్పేనని ఫిడే నియమాల్లో ఉంది. అది ఇంకొంచెం ముందే గుర్తుకొచ్చి ఉండాల్సింది.

వేగంగా ఎదగడం మీద కూడా ఇలాంటి ఉత్తరాలు రెండు వచ్చాయి, విడిగా వెయ్యడం లేదు. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2021 మొదట్లో 2600కు దిగువన ఉన్నాడు. 2022లో 2700 దాటాడు, 2024 డిసెంబరు రేటింగ్ జాబితాలో 2800 దాటాడు. ఎదుగుదలే నేరమైతే ముందు అతన్నే అనుమానించాలి. అతను గెలిచిన గేముల్లో చాలా భాగం వందల కళ్ల ఎదుట, మెటల్ డిటెక్టర్ దాటి వచ్చి కూర్చుని గెలిచినవి.

*

బోర్డు మీద ఆడే టోర్నీల్లో ఇలాంటివి జరగవు కదా?
– ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

జరిగాయమ్మా, మన దేశంలోనూ జరిగాయి. 2006లో ఢిల్లీలో ఉమాకాంత్ శర్మ అనే ఆటగాడు చెవుల మీదకు లాక్కున్న టోపీలో బ్లూటూత్ పరికరం కుట్టించుకుని దొరికిపోయాడు. జాతీయ సమాఖ్య పదేళ్లు నిషేధించింది. 2015లో దుబాయ్ ఓపెన్‌లో జార్జియా చాంపియన్ గయోజ్ నిగాలిద్జే ప్రతి కీలక ఎత్తుకూ ఒకే మరుగుదొడ్డికి వెళ్తుండడం ఎదుటి ఆటగాడు గమనించి ఫిర్యాదు చేశాడు. అక్కడ దాచిన ఫోన్‌లో వాళ్ల గేమే నడుస్తోంది! 2019లో ఇగోర్స్ రౌసిస్ స్ట్రాస్‌బర్గ్‌లో అదే చోట ఫోన్‌తో పట్టుబడ్డాడు. అప్పటికి వయసు 58, రేటింగ్ 2700 అంచున ఉంది. యాభై దాటాక అందరూ తగ్గుతుంటే ఆయన ఎక్కుతుండడం చాన్నాళ్లుగా నిపుణుల కంట్లో ఉంది. చివరికి గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా పోయింది.

జిల్లా టోర్నీలో ఆర్బిటర్ నీ ఫోన్ తీసుకుని సంచిలో పెట్టినప్పుడు విసుక్కోకు.

*

దొంగ దొరికితే నేను పోగొట్టుకున్న పాయింట్లు తిరిగి వస్తాయా?
– ఆటో డ్రైవర్, విజయవాడ

వస్తాయి. లిచెస్, చెస్‌డాట్‌కామ్ రెండూ చాలా సందర్భాల్లో వెనక్కిస్తాయి. ఏదో ఒక రోజు పొద్దున్నే ఆరో ఎనిమిదో పాయింట్లు కలిశాయని సందేశం కనిపిస్తే, మీ మీద గెలిచినవాళ్లలో ఎవరో పట్టుబడ్డారని అర్థం.

*

కార్డుల మీద ఎత్తులు రాసి పోస్టులో పంపుకుని ఆడిన తరం వాణ్ణి. ఇప్పుడు ఉత్తరాల చెస్‌లో ఇంజిన్ వాడొచ్చని విన్నాను, నిజమా?
– పాత పాఠకుడు, బందరు

నిజమే. అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య పోటీల్లో ఇంజిన్ వాడకానికి అనుమతి ఉంది. ఎవరింట్లో ఎవరు ఏం చూస్తున్నారో కనిపెట్టే దారి లేదు కాబట్టి, దాన్నే ఆటలో భాగం చేసేశారు. ఫలితంగా అత్యున్నత స్థాయిలో దాదాపు అన్నీ డ్రాలే. లిచెస్, చెస్‌డాట్‌కామ్‌లలో రోజుకో ఎత్తు వేసే ఆటకు మాత్రం నియమం వేరు. ఓపెనింగ్ పుస్తకాలు చూసుకోవచ్చు, ఇంజిన్ తెరవకూడదు. ఈ తేడా తెలియక ఖాతా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మీరు జాగ్రత్త.

*

మేం డల్లాస్‌లో ఉంటాం. సంక్రాంతికి ఇక్కడి తెలుగు పిల్లలకు, ఇండియాలోని వాళ్ల కజిన్స్‌కు కలిపి ఆన్‌లైన్ టోర్నీ పెడదామనుకుంటున్నాం. ఖర్చు లేకుండా మోసం ఆపే మార్గం చెప్పండి. మొదటి బహుమతి 500 డాలర్లు అనుకున్నాం.
– నిర్వాహకుడు

ఆ 500 డాలర్లు తీసేయండి, సగం సమస్య పోతుంది. కప్పు, సర్టిఫికెట్, మంచి చెస్ పుస్తకం ఇవ్వండి. డబ్బు ఇవ్వాల్సిందే అంటే ఆన్‌లైన్‌ను వడపోతకు మాత్రమే వాడి, చివరి ఎనిమిది మందిని హాల్లో బోర్డు మీద ఆడించండి. ఇండియా పిల్లలకు అది కుదరదు కాబట్టి వాళ్లకు విడిగా ఒక విభాగం పెట్టుకోవచ్చు.

టైం కంట్రోల్ చిన్నదిగా ఉంచండి. మూడు నిమిషాలు, ఎత్తుకు రెండు సెకన్లు కలిసేలా అయితే ఇంకో తెర చూసి ఆడే తీరిక తగ్గుతుంది. పూర్తిగా పోదు. నియమాలు ముందే తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి తల్లిదండ్రుల చేత ఒప్పించండి. అనుమానం వస్తే ఎవరు చూస్తారు, ఎంత సమయంలో చెబుతారు, శిక్ష ఏమిటి అన్నీ అందులో ఉండాలి. నిర్ణయించేవాళ్లు ముగ్గురుంటే మంచిది, ఆ ముగ్గురి పిల్లలూ టోర్నీలో ఉండకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. ఎవరినైనా తొలగిస్తే పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆ ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

నెట్ పోతే ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి. 2020 ఆగస్టులో ఫిడే ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో ఇంటర్నెట్ అంతరాయం వల్ల కనెక్షన్ పోయి మన ఆటగాళ్లు గేములు ఓడిపోయారు. చివరికి భారత్, రష్యాలను ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. ఆ జట్టులో మన కోనేరు హంపి, హరిక, హరికృష్ణ ఉన్నారు. అంతటి పోటీలోనే అలా జరిగిందంటే, మీ టోర్నీలో అర్ధరాత్రి ఏలూరులో కరెంటు పోదని ఎవరూ చెప్పలేరు.

కెమెరా విషయానికి వస్తే, ల్యాప్‌టాప్ కెమెరాలో పిల్లల మొహం తప్ప ఏమీ కనిపించదు. ఇంకో ఫోన్‌ను పక్కగా, కొంచెం వెనగ్గా పెట్టించి జూమ్‌లో కలపండి. తెర, రెండు చేతులు, గది తలుపు మూడూ అందులో పడాలి. చిన్నపిల్లల టోర్నీల్లో స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్ కన్నా ఎక్కువగా దొరికేది ఆ తలుపు పక్కన నిలబడి ఎత్తులు చెప్పే నాన్నగారే.